డెల్టాలో సైన్స్ పార్కు: ఎకరాల కంటే ముందు చూడవలసినవి

సైన్స్ పార్కు అనగానే మన గోదావరి జిల్లాల్లో మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని ఎకరాలు?" అన్నది. దానిని చివరికి జరపడంతోనే పని మొదలవుతుంది. పరిశోధించేవారు, వస్తువు తయారుచేసేవారు, దానిని కొని వాడేవారు తరచుగా ఎదురుపడే చోటే సైన్స్ పార్కు.

ముందుగా ఒక సమస్యను ఎంచుకోవాలి. భీమవరం పరిసరాల్లో వనామీ రొయ్యల చెరువు గట్టు మీద తెల్లవారుజామున నిలబడితే అది కంటికే కనిపిస్తుంది. రాత్రంతా నాచూ రొయ్యలూ ప్రాణవాయువును వాడుకోవడంతో సూర్యోదయానికి ముందు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు, అంటే డీఓ, బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, పంటంతా ప్రమాదంలో పడుతుంది. డీఓ కొలిచే పరికరాలు లేకపోలేదు గాని, నీటిలో ఉంచిన సెన్సరుకు కొద్ది రోజుల్లోనే పాచి పట్టి, అది తప్పు అంకె చూపిస్తుంది. ఈ ఒక్క చిక్కు విడిపోవాలంటే ఎలక్ట్రానిక్స్ చదివిన యువకుడు, నీటి రసాయనం తెలిసిన శాస్త్రవేత్త, పరికరాన్ని విప్పి బిగించగల మెకానిక్కు, తన చెరువులో ప్రయోగానికి ఒప్పుకునే రైతు కలవాలి. ఆ నలుగురినీ కలపగలిగితే మీ పార్కు మొదలైనట్టే.

తరువాత, ఉన్న సంస్థలతో రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోవాలి. కాకినాడలో జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన, మార్టేరులో వరి పరిశోధన కేంద్రం ఉన్నాయి. 1982లో విడుదలైన స్వర్ణ వరి వంగడం, అంటే ఎంటీయూ 7029, మార్టేరు నుంచే వచ్చింది. మన నేల మీద పుట్టిన విజ్ఞానం పొలానికి చేరగలదనడానికి ఇంతకంటే నిదర్శనం నాకు అక్కర్లేదు. అయితే పక్కపక్కన ఉన్నంత మాత్రాన సంస్థలు కలిసి పనిచేయవు. మద్రాసు ఐఐటీ పరిశోధన పార్కులో స్థలం తీసుకున్న కంపెనీలు అధ్యాపకులతో ఉమ్మడి పరిశోధన, విద్యార్థులకు అవకాశాలు వంటి వాటి ద్వారా క్రెడిట్లు, అంటే పాయింట్లు, సంపాదించవలసి ఉంటుంది. అద్దె పత్రంలోనే అటువంటి షరతు రాయించండి.

స్థలం విషయంలో నా అభిప్రాయం దృఢమైనది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచి గోదావరి నీటితో పండుతున్న భూమిని ప్రహరీ గోడల పాలు చేయకూడదు. పైగా పల్లపు నల్లరేగడిలో మెరక తోలడానికీ, పునాదులకూ, మురుగు మళ్లింపుకూ పెట్టే డబ్బుతో మంచి ప్రయోగశాలే నడపవచ్చు. కళాశాలలో ఖాళీగా ఉన్న రెండు గదులు తొలి ఏళ్లకు చాలు.

ఆ గదుల్లో రొయ్యల్లో తెల్లమచ్చ వ్యాధిని పట్టే పీసీఆర్ యంత్రం, నీటి పరీక్షల పరికరాలు, చిన్న వర్క్‌షాపు ఉండాలి. యంత్రం కొనే రోజునే పరీక్షకు వాడే రసాయనాల (రీఏజెంట్ల) ఖర్చునూ, టెక్నీషియన్ జీతాన్నీ బడ్జెట్‌లో చేర్చాలి. అవి లేక మూతపడే యంత్రం ఎవరికీ ఉపయోగపడదు.

పరిశోధకులు బయటికి వచ్చి కంపెనీ పెట్టుకునే దారి కూడా తెరిచి ఉంచాలి. తైవాన్‌లో 1980లో మొదలైన షిన్‌చు పార్కుకు ఆనుకొని రెండు విశ్వవిద్యాలయాలు, పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థ ఉండేవి. ఆ సంస్థ నుంచే చిప్‌లు తయారుచేసే కంపెనీలు యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ పుట్టుకొచ్చాయి. తయారైన సాంకేతికతపై ఎవరికెంత హక్కో, అధ్యాపకుడు ఎంతకాలం సెలవు తీసుకోవచ్చో ముందే తేల్చకపోతే తొలి విజయంతోనే తగాదా మొదలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయేది ప్రయోగం విఫలమైతే రైతుకు కలిగే నష్టం. కొత్త సెన్సరును నమ్మి ఏరేటరు ఆపినందుకు రొయ్య చనిపోతే ఆ నష్టాన్ని ఒక్క రైతే మోయడం అన్యాయం. అందుకని ప్రయోగాలకు ప్రత్యేక పరిహార నిధి పెట్టి, మొదటి పంటకు పాత పద్ధతినీ కొత్త పరికరాన్నీ పక్కపక్కన నడిపి, రైతు చదివి సంతకం చేయగలిగేలా ఒప్పందాన్ని తేలిక తెలుగులో ఒక్క పేజీలో రాయండి.