క్రిస్మస్ ముందు ఇరవై ఐదు రోజుల ఉపవాసం – మూడో పాఠం: పాలు, పెరుగు లేని వంటిల్లు

మొదటి పాఠంలో ఈ ఉపవాసం ఎవరి ఆచారమో, ఎందుకు మొదలైందో చెప్పుకున్నాం. రెండో పాఠంలో ప్రార్థన వేళలు నిర్ణయించుకున్నాం. ఈసారి వంటింట్లోకి వెళ్దాం. నియమం కాగితం మీద సులువుగానే కనిపిస్తుంది, కష్టమంతా కంచం ముందు కూర్చున్నప్పుడే.

ఇప్పుడే మొదలుపెట్టేవారి కోసం క్లుప్తంగా: మనం అనుసరిస్తున్నది కేరళలోని సిరియన్ క్రైస్తవులు, అంటే తోమా క్రైస్తవులు పాటించే 25 నోంబు (నోంబు అంటే మలయాళంలో ఉపవాసం). డిసెంబరు 1న మొదలై, 25 తెల్లవారుజామున ఆరాధన ముగిసేదాకా సాగుతుంది. ఆ రోజుల్లో వారి గుళ్లలో పెళ్లిళ్లు జరగవు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని మలయాళీ సంఘాల్లో దీన్ని దగ్గరగా చూడొచ్చు. 1999లో ఆదిలాబాద్ పేరుతో ఏర్పడిన మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, కూడా తోమా క్రైస్తవుల్లోని కాథలిక్ శాఖ అయిన సీరో మలబార్ సంప్రదాయానిదే. మన తెలుగు సంఘాల్లో ఎక్కువమందికి శ్రమల దినాలు, శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు తెలుసు గానీ క్రిస్మస్ ముందు ఉపవాసం కొత్త. ఇది బైబిల్లో రాసిన ఆజ్ఞ కాదు, సంఘం తరతరాలుగా నిలుపుకున్న అలవాటు. కాబట్టి చేయనివారిని తక్కువ చేసి చూసే హక్కు మనకు లేదు.

ఇక నియమం. మాంసం, చేప, గుడ్డు, పాలు, పాలతో చేసినవేవీ తినరు. మద్యం ముట్టరు. కేరళలోనూ అన్ని ఇళ్లలో ఒకే తీరు ఉండదు. కొందరు మాంసం, చేప, గుడ్డు మాత్రమే మాని పాలు ఉంచుకుంటారు. మీ కాపరితోనో, మీకు ప్రార్థనలో తోడుండే పెద్దవారితోనో మాట్లాడి, ఏది మానేదీ ఒకటో తారీఖుకు ముందే తేల్చుకోండి. మధ్యలో బేరాలొద్దు.

మాంసం సరే, పాలెందుకు మానాలి అని చాలామంది అడుగుతారు. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు మనిషికి ఆహారంగా ఇచ్చింది విత్తనాలిచ్చే మొక్కలు, చెట్ల పండ్లు. జంతువులను తినడానికి అనుమతి వచ్చింది జలప్రళయం తర్వాతే, తొమ్మిదో అధ్యాయంలో. ఉపవాస దినాల్లో సంఘం ఏదెను తోటలోని ఆ మొదటి భోజనానికి తిరిగి వెళ్తుంది. జంతువు నుంచి వచ్చేదేదీ లేకుండా కొన్నాళ్లు బతకడం అందులో భాగం. దానియేలు పదో అధ్యాయంలో మూడు వారాలు రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మానిన సంగతి కూడా చదవండి. ఆయన పూర్తిగా పస్తులున్నాడని అక్కడ లేదు. ఇష్టమైనవి పక్కన పెట్టాడు, అంతే. మన నియమమూ ఆ దారిదే.

ఇతర దేశాల్లో లెక్క వేరు. గ్రీకు ఆర్థడాక్స్ సంఘం నవంబరు 15 నుంచి 40 రోజులు ఉంటుంది. ఈజిప్టు కోప్టిక్ క్రైస్తవులు 43 రోజులుండి జనవరి 7న క్రిస్మస్ చేసుకుంటారు. బుధ, శుక్రవారాలు తప్ప చేప తింటారు. ఇథియోపియాలో టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి పోసిన పెద్ద అట్టు మీద పప్పు కూరలు వడ్డిస్తారు. కేరళలో పుట్టు (ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి, కొబ్బరి వంట), నల్ల శనగల కూర, గంజిలోకి పెసలు, ఉడికించిన కర్రపెండలంలోకి పచ్చిమిర్చి చట్నీ, అప్పంలోకి కొబ్బరిపాలతో కూరగాయల స్ట్యూ. కొబ్బరి వేసి చేసే కూరగాయల కలగూర అవియల్‌లో పెరుగు వేసే ఇళ్లు ఈ రోజుల్లో దానికి బదులు పచ్చిమామిడో చింతపండో వేసుకుంటే సరిపోతుంది. ఎక్కడ చూసినా ఆ ఊరి పేదవాడి రోజువారీ తిండే ఉపవాసపు తిండి. మనమూ మన ఊరి తిండే తిందాం. కేరళ వంట నేర్చుకోవాల్సిన పని లేదు.

నిజానికి తెలుగు వంటిల్లు ఇందుకు ముప్పాతిక వంతు సిద్ధంగానే ఉంది. పొద్దున ఇడ్లీ, అల్లం చట్నీ. పెసరట్టు. నెయ్యి వేయని ఉప్మా. రాగిజావలో మజ్జిగకు బదులు ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకోవచ్చు, లేదంటే బెల్లం. మధ్యాహ్నం గోంగూర పప్పు, తోటకూర పప్పు, దోసకాయ పప్పు, ఏదైనా ఒక వేపుడు, చారు. రాయలసీమవారికి సంగటి, పల్లీల ఊరుబిండి ఉండనే ఉన్నాయి. తెలంగాణలో జొన్నరొట్టె, పచ్చిపులుసు. ముద్దపప్పులోకి నెయ్యి బదులు నువ్వుల నూనె వేసుకుని ఆవకాయ నంజుకోండి. మొదటి రెండు రోజులు వెలితిగా ఉంటుంది గానీ తర్వాత నాలుక అలవాటు పడుతుంది.

అసలు చిక్కు పెరుగన్నం. మాంసం మానడం మనవారికి అంత కష్టం కాదు. చివర పెరుగు కలుపుకోకపోతే మాత్రం భోజనం అయినట్టే అనిపించదు. చాలామంది మొదటి వారంలో ఇక్కడే ఆగిపోతారు. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, చివరి ముద్ద చారుతో తిని లేవడం. పెద్దలు చెప్పే దారి ఇదే, నాకూ ఇదే నచ్చుతుంది. ఆ వెలితే కదా మనల్ని ప్రార్థనకు లేపేది.

రెండో దారి పల్లీ పెరుగు. ఇంట్లో పెద్దవారుంటే, కడుపుకు పులుపు చల్లదనం అలవాటై ఉంటే ఇది పనికొస్తుంది. ఒక గ్లాసు పల్లీలు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ మెత్తగా రుబ్బండి. పలచటి గుడ్డలో వడకట్టి పిండండి. వచ్చిన పాలను సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ కాచండి, లేకపోతే అడుగంటుతుంది. పొంగు వచ్చాక ఇంకాసేపు మరగనిచ్చి దించి, వేలు పెడితే ఓర్చుకునేంత గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. తోడుకు పాల పెరుగు వాడం కాబట్టి, కడిగి తుడిచిన పచ్చిమిరపకాయ తొడిమెలు ఏడెనిమిది అందులో వేసి మూత పెట్టండి. డిసెంబరు చలికి తోడుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. గిన్నెకు మందపాటి గుడ్డ చుట్టి వెచ్చని మూల రాత్రంతా ఉంచండి. మొదటిసారి పలచగా, నీళ్లు విడిచినట్టు ఉంటుంది. తొడిమెలు తీసేసి, దాన్నే రెండోసారి పాలకు తోడుగా వేస్తే ఇంకాస్త గట్టిగా వస్తుంది. పల్లీ వాసన కొంత ఉంటుంది. ఆవాలు, అల్లం, కరివేపాకు తాలింపు పెడితే అన్నంలోకి బాగుంటుంది.

కనబడని పాలు వేరే సంగతి. బిస్కెట్లు, రస్కులు, చాక్లెట్లు, బ్రెడ్డు, పాలలో కలుపుకునే పొడులు, వీటిలో చాలావాటిలో పాలపొడో వెన్నో ఉంటుంది. మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే అందులో మాంసం, గుడ్డు లేవని మాత్రమే అర్థం, పాలు లేవని కాదు. వెనక సన్న అక్షరాల్లో రాసిన పదార్థాల జాబితా చదవండి. టీ, కాఫీ తాగేవారు పాలు లేని అల్లం టీకో శొంఠి కాఫీకో మారండి.

బలం సరిపోతుందా? రెండు పూటలా పప్పో శనగలో ఉలవలో అలసందలో ఉంటే సరిపోతుంది. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, పల్లీల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పాలు మానినందుకు తగ్గే కాల్షియం రాగులు, నువ్వులు ఇస్తాయి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. బి12 మొక్కల్లో దొరకదు గానీ ఆరోగ్యంగా ఉన్నవారి కాలేయంలో చాలాకాలానికి సరిపడా నిల్వ ఉంటుంది, ఇరవై ఐదు రోజులకు భయం లేదు.

ఎప్పుడు తినాలన్నది ఇంకో నియమం. బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం 3 గంటల దాకా, అంటే ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన వేళ దాకా, ఏమీ తినకుండా ఉండటం పాత అలవాటు. కొత్తవారు ఈ ఏడాది 12 గంటల దాకా ఆగితే చాలు, మంచినీళ్లు తాగండి. ఆదివారం ఆకలితో కూర్చోవద్దు. అది పునరుత్థాన దినం. ఏం తినాలన్న నియమం మాత్రం ఆ రోజూ మారదు.

షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు ఏ పూటా భోజనం మానకండి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతే ప్రాణం మీదకు వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, జబ్బుపడినవారు, ముసలివారు ఉపవాసం ఉండాలని ఏ సంఘమూ కోరదు. వారు మాట ఉపవాసం, ఫోను ఉపవాసం ఉండొచ్చు. అదేమీ చిన్నది కాదు.

ఇక డిసెంబరు విందుల సంగతి. ఇది మన తెలుగు సంఘాలకు ప్రత్యేకమైన ఇబ్బంది. కేరళలో గుడి అంతా ఉపవాసంలో ఉంటే మన దగ్గర మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు. బడిలో కేకు, ఆఫీసులో కేకు, క్యారల్స్‌కు వెళ్లిన ప్రతి ఇంట్లో టీ, బిస్కెట్లు, సంఘంలో చికెన్ బిర్యానీ. వెళ్లడం మానకండి, పాటలు మానకండి. భోజనాల దగ్గర వడ్డించేవైపు నిలబడండి. వడ్డించేవాడు తిన్నాడా లేదా అని ఎవరూ చూడరు. ఎవరైనా అడిగితే “తర్వాత తింటాను” అని ఇంటికి వచ్చి తినండి, అది అబద్ధం కూడా కాదు. ఉపవాసం ఉన్నప్పుడు తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమని ప్రభువు మత్తయి ఆరో అధ్యాయంలో చెప్పింది ఇలాంటి చోట్ల కోసమే.

అయితే ఒక పేద ఇంట్లో ఒక తల్లి మీకోసమే కోడి కోసి వండి ఎదురుచూస్తుంటే? నా మాట వింటే రెండు ముద్దలు తినండి. ఈజిప్టు ఎడారుల్లో కఠినంగా ఉపవాసాలుండే తొలినాటి సన్యాసులు కూడా అతిథి వస్తే తమ ఉపవాసం ఆపి అతనితో కలిసి తినేవారు. ఉపవాసాన్ని రేపు మళ్లీ పట్టుకోవచ్చు, నొచ్చుకున్న మనసును బాగుచేయడం కష్టం. దీన్ని వారానికి మూడుసార్లు వాడుకునే సాకుగా మాత్రం మార్చకండి.

క్రిస్మస్ పిండివంటలు కూడా ఈ రోజుల్లోనే మొదలవుతాయి. అరిసెలు, జంతికలు, చెక్కలు, గవ్వలు. నూనెతో చేస్తే వీటిలో నియమం తప్పేదేమీ లేదు. అయినా డబ్బాలో పెట్టి పండుగ దాకా ఆగమని నా సలహా. నియమం అక్షరాలా పాటిస్తూనే రోజూ విందు చేసుకోవచ్చు: ఒకపూట మీల్‌మేకర్ బిర్యానీ, ఇంకోపూట పుట్టగొడుగుల వేపుడు, కొబ్బరిపాల పాయసం. అందులో మాంసం లేదు, ఉపవాసమూ లేదు. ఒక అన్నం, ఒక పప్పు, ఒక చారు. ఈ రోజుల్లో ఇంతకు మించి వండకపోవడమే మంచిది.

దీనివల్ల ఇంట్లో ఇంకో మేలు కూడా ఉంది. ఉపవాసం ఇంట్లో ఒక్కరిదే అయితే, వారికోసం అమ్మో భార్యో రెండో వంట చేస్తూ అలసిపోవడం తరచూ చూస్తాం. అందరికీ వండిన పప్పు, చారే మీ భోజనం కావాలి. పప్పులోకి నెయ్యి తాలింపు వద్దు, నూనె చాలు అని చెబితే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ కావాలంటే మీరే వండుకోండి.

మిగిలిన డబ్బు మీది కాదు. యెషయా 58వ అధ్యాయం చదివినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు: ఆకలిగొన్నవాడికి పెట్టని ఉపవాసాన్ని దేవుడు అంగీకరించలేదు. మాంసానికి, పాలకు, బేకరీకి వారానికి ఎంత ఖర్చవుతుందో రాసి, ఆ మొత్తం కవరులో వేయండి. 24వ తారీఖు దాకా దాచక్కర్లేదు. మీ వీధిలో పండుగకు బియ్యం లేని ఇల్లు ఏదో మీకు తెలుసు, ముందే అందజేస్తే వాళ్లకూ పండుగ పని సాగుతుంది.

ఈ వారం అభ్యాసం. నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి, ఏడు రోజుల రెండు పూటల భోజనం ముందుగానే రాయండి. ప్రతి పూటా పప్పు జాతి ఒకటి ఉండాలి. వారంలో మూడు రోజులు ఆకుకూర, రెండు రోజులు రాగులో నువ్వులో తప్పకుండా రావాలి. వంటింటి అలమరలో ఉన్న ప్రతి ప్యాకెట్ వెనక చదివి, పాలున్నవన్నీ పై అరకు మార్చండి. పల్లీ పెరుగు చేయదలచినవారు 30వ తారీఖు లోపే ఒకసారి ప్రయత్నించండి, ఒకటో తారీఖుకు తోడు సిద్ధంగా ఉంటుంది. భోజనానికి ముందు లూకా సువార్త మొదటి అధ్యాయాన్ని రోజుకు పది వచనాల చొప్పున చదవండి. జెకర్యాకు వచ్చిన వార్త, మరియకు వచ్చిన వార్త, ఎలీసబెతు ఇంటికి మరియ ప్రయాణం, యోహాను పుట్టుక, ఆ తర్వాత మత్తయిలో యోసేపుకు వచ్చిన కల. సిరియన్ సంఘాల్లో క్రిస్మస్ ముందు ఆదివారాలు ఈ వరసలోనే సాగుతాయి.

నాలుగో పాఠంలో 24వ తారీఖు రాత్రి నుంచి 25 పొద్దుటి దాకా: తెల్లవారుజామున సిరియన్ ఆర్థడాక్స్ గుళ్లలో వెలిగించే మంట, ప్రభువు బల్ల, ఆ తర్వాత ఇరవై ఐదు రోజుల కడుపుకు మొదట ఏం పెట్టాలి, మటన్ ఎన్ని గంటలకు వడ్డించాలి.