కారు షెడ్డులో వేలాడే సామాను: ఏది ఎందుకు ఊడుతుంది, ఏం చేస్తే నిలుస్తుంది

గోదావరి డెల్టాలో కారు షెడ్డు కారు ఒక్కదానికే మిగలదు. పార, గునపం, స్ప్రేయర్, డెలివరీ పైపు చుట్ట, బరకాలు, మడత మంచం, చెరువు వల, పిల్లల సైకిలు, పండక్కి దింపే గుండిగలు అన్నీ అక్కడికే చేరతాయి. నేల మీద పెడదామంటే చెమ్మ, చెదలు, ఎలుకలు. లంక ఊళ్లలో అయితే వీటికి తోడు వరద. మన పాత ఇళ్లలో ఉట్టి, అటక ఉన్నది ఇందుకే.

ఇప్పుడు వాటి స్థానంలో గోడ ర్యాకులు, స్లాబుకి వేలాడే స్టాండ్లు, గిలకల హుక్కులు వచ్చాయి. అట్టపెట్టె మీద '50 కిలోలు' అని రాసి ఉంటుంది. అది ర్యాకు మోసే బరువు. మీ గోడ ఎంత మోస్తుందో ఆ పెట్టె చెప్పదు. ఊడిపడిన ర్యాకుల్లో చాలావాటికి ర్యాకు బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న చోటే వదిలేసి ఉంటుంది. అందుకే కొనడానికి ముందు గోడ చూడాలి, స్లాబు చూడాలి, ఆ తర్వాతే షాపుకి వెళ్లాలి. ఇప్పటికే కొని బిగించేసి ఇబ్బంది పడుతున్నా, వెతకడం ఆ పట్టు దగ్గర నుంచే మొదలుపెట్టండి.

స్క్రూ ప్లగ్గుతో సహా ఊడొచ్చింది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ప్లగ్గు అంటే స్క్రూ పట్టుకోవడానికి కన్నంలో దించే చిన్న ప్లాస్టిక్ గొట్టం. ఊడిన ప్లగ్గుని పారేయకుండా చేతిలోకి తీసుకుని చూడండి. దాని చుట్టూ బూడిదరంగు సిమెంటు పెళ్ల ఉంగరంలా అంటుకుని వచ్చిందంటే, స్క్రూ పట్టుకున్నది ప్లాస్టింగునే, ఇటుకని కాదు. గోడకి ప్లాస్టింగు అరంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఉంటుంది. ర్యాకుతో పాటు వచ్చే స్క్రూ చాలాసార్లు అంగుళమే. అందులో సగానికి పైగా ప్లాస్టింగులోనే ఆగిపోతుంది.

డ్రిల్లు వేసేటప్పుడు కింద కాగితం పట్టుకుని రాలే పొడి రంగు చూడండి. మొదట బూడిదరంగు వస్తుంది, అది ప్లాస్టింగు. తర్వాత ఎర్రగా మారితే ఇటుక తగిలినట్టు. "మేస్త్రిగారూ, ఇంకా బూడిదరంగే వస్తోందండి" అంటే, "అది ఇటుకల మధ్య మాలండి, రెండంగుళాలు పక్కకి జరపండి" అని అనుభవం ఉన్న మేస్త్రి వెంటనే చెప్పేస్తాడు. మాలులో, అంటే ఇటుకలని అతికే ముద్దలో, పట్టు తక్కువ. పాత ఇళ్లలో సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడలైతే ఆ సందుల్లో పట్టు దాదాపు ఉండదు, ఇటుక నడిమధ్యకే కన్నం పడాలి.

ఎర్ర ఇటుక గోడకి 8 ఎం.ఎం. ప్లగ్గు, రెండు నుంచి రెండున్నర అంగుళాల స్క్రూ వాడండి. ప్లగ్గు మొత్తం ఇటుకలోకి దిగిపోవాలి, దాని మూతి ప్లాస్టింగులో ఉండిపోకూడదు. స్క్రూ మరీ సన్నగా ఉంటే ప్లగ్గు విచ్చుకోదు, కాబట్టి రెండూ జతగా సరిపోయేవి అడిగి తీసుకోండి. కన్నంలో పొడిని ఊదేసి గానీ ప్లగ్గు దించకండి. ఈ చిన్న పని వదిలేయడం వల్ల పట్టు బాగా తగ్గిపోతుంది.

పొడి తెల్లగా, మెత్తగా, చాలా తేలిగ్గా వస్తే అవి లైట్ వెయిట్ బ్రిక్స్. వాటికి హ్యామర్ మోడ్ ఆపేసి మామూలుగా డ్రిల్లు వేయాలి, ఆ బ్రిక్స్ కోసమే చేసిన ప్లగ్గులు వాడాలి. బిట్ ఉన్నట్టుండి ఖాళీలోకి జారినట్టయితే అది హాలో బ్లాకు. అక్కడ మామూలు ప్లగ్గు పనిచేయదు. బరువు ఎక్కువైతే గోడ ఇటు నుంచి అటు దాకా బోల్టు దూర్చి, వెనక చిన్న ఇనుప ప్లేటు పెట్టి నట్టు బిగించడమే నమ్మకమైన పని.

పాత కన్నంలో కర్రముక్క కొట్టి మళ్లీ అదే స్క్రూ ఎక్కించే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానేయండి. మన వానాకాలపు చెమ్మకి ఆ కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, ఏడాది తిరిగేసరికి స్క్రూ వదులవుతుంది. మూడు నాలుగు అంగుళాలు పక్కన కొత్త కన్నం వేసి, పాతది సిమెంటుతో పూడ్చేయండి.

ఇంకో మాట. డెల్టాలో భూగర్భ జలం బాగా పైనే ఉంటుంది కాబట్టి చాలా గోడలు అడుగున రెండు మూడు అడుగుల దాకా చెమ్మ లాగి, ఉప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంటాయి. వేలితో గీకితే పొడి రాలే ఎత్తులో ఏదీ బిగించకండి. ఎంత మంచి ప్లగ్గయినా అక్కడ నిలవదు.

ర్యాకు ముందుకు వాలింది, పై స్క్రూలు బయటికి వస్తున్నాయి

స్క్రూలు బాగానే దిగాయి, అయినా పైవి మాత్రమే మెల్లగా బయటికి లేస్తున్నాయి. కారణం బ్రాకెట్టు ఆకారం. ర్యాకు లోతు 16 అంగుళాలు అనుకుందాం. దాని మీద 30 కిలోల సామాను సమంగా పరిస్తే బరువు మొత్తం గోడకి 8 అంగుళాల దూరంలో ఉన్నట్టు లెక్క. బ్రాకెట్టు నిలువు కాలు 6 అంగుళాలే ఉంటే పై స్క్రూలను బయటికి లాగే బలం సుమారు 40 కిలోలు అవుతుంది, అంటే పెట్టిన బరువు కంటే ఎక్కువ. అదే నిలువు కాలు 12 అంగుళాలు ఉంటే 20 కిలోలకు తగ్గిపోతుంది.

అందుకని బ్రాకెట్టు కొనేటప్పుడు అడ్డం కంటే నిలువు చూసి కొనండి. మధ్యలో ఏటవాలు సపోర్టు ఉన్నది ఇంకా మంచిది. ఉన్నవాటినే వాడుకోవాలంటే బరువైనవి గోడ వైపుకి, తేలికైనవి అంచుకి సర్దండి. 25 కిలోల మేత బస్తాని ర్యాకు అంచున ఆనించి పెట్టడం మాత్రం వద్దు.

హుక్కు కింద గోడ మీద ఎర్రటి చార

గోడ మీద తుప్పు చార కనిపించిందంటే లోపల స్క్రూ మెడ అప్పటికే సన్నబడడం మొదలైందని అర్థం. బయట హుక్కు బాగానే కనిపించవచ్చు. స్క్రూ విరిగేది మాత్రం ఎక్కువగా గోడలోకి దిగే చోటే, చెమ్మ నిలిచేది అక్కడే కాబట్టి.

ఇక్కడ ఊరిని బట్టి సమాధానం మారుతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. అక్కడ తళతళలాడే జింకు పూత హుక్కులు ఎక్కువ కాలం నిలవవు. ఆ మెరుపు చాలా పలచని పూత. మసకగా, బూడిదరంగులో, కాస్త గరుగ్గా కనిపించే హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసిన) సామాను చూడటానికి బాగోదు గానీ పూత మందం చాలా ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకునేటట్టయితే లోపలి ఊళ్లకి 304 రకం చాలు, సముద్రానికి దగ్గరైతే 316 అడగండి. ధర ఎక్కువే, కానీ తల పైన వేలాడే బరువుకి ఆ తేడా పెట్టడం దండగ కాదు.

స్టెయిన్‌లెస్ పట్టీ కొని దానికి ఇంట్లో ఉన్న మామూలు జింకు స్క్రూలు వేస్తుంటారు. రెండు వేరు లోహాలు చెమ్మలో కలిసినప్పుడు చిన్నదైన జింకు స్క్రూనే తుప్పు త్వరగా తినేస్తుంది. పట్టీ ఏ రకమో స్క్రూ కూడా అదే రకం ఉండాలి.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులున్న ఇళ్లలో ఇంకో కారణం ఉంటుంది, అది చాలామందికి తట్టదు. షెడ్డు మూలన బ్లీచింగ్ పౌడర్ బస్తా మూతి విప్పి ఉంటుంది. దాంట్లోంచి వచ్చే క్లోరిన్ గాలికి పక్కనున్న ఇనుమంతా మిగతా చోట్ల కంటే ఎన్నో రెట్లు వేగంగా తుప్పెక్కుతుంది. హుక్కులన్నీ ఒకేసారి కొన్నా ఒక మూలవి మాత్రమే పాడైతే ముందు ఆ మూలన ఏం నిల్వ ఉందో చూడండి. పొటాష్ ఎరువు పొడి పడినా ఇనుము తుప్పెక్కుతుంది, అందులో క్లోరైడ్ ఉంటుంది. బ్లీచింగుని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, గాలి ఆడే వేరే చోటికి మార్చాలి. హుక్కులు మార్చి బస్తాని అక్కడే ఉంచితే కొత్తవీ పోతాయి.

తుప్పు పైపైనే ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఆరాక ఎనామిల్ రెండు కోట్లు. స్క్రూని మాత్రం బాగుచేయాలని చూడకండి, మార్చేయండి.

స్లాబుకి వేసిన స్టాండు కిందికి జారింది

స్లాబుకి ప్లాస్టిక్ ప్లగ్గు వేయకూడదు. గోడ మీద బరువు ప్లగ్గుని కిందికి వంచుతుంది, స్లాబుకైతే రాత్రీ పగలూ సూటిగా బయటికే లాగుతుంది. ప్లాస్టిక్ మెల్లగా సాగి వదిలేస్తుంది. ఇనుప యాంకర్ బోల్టులు వాడాలి. ప్యాకెట్టు మీద ఏ సైజు బిట్ రాశారో అదే వాడాలి, కన్నం ఒక్క ఎం.ఎం. పెద్దదైనా బోల్టు పట్టదు.

కన్నం వేస్తుండగా బిట్ ఇనుముకి తగిలి ఆగితే బలవంతంగా దించకండి, రెండంగుళాలు జరపండి. స్లాబు నిలిచేది ఆ కడ్డీల మీదే. ఫ్యాను బాక్సు నుంచి గోడ స్విచ్చు వైపు స్లాబులోనే కరెంటు పైపు వెళ్తుంది, ఆ దారిలో అసలు కన్నం పెట్టవద్దు.

పోర్టికో కింద కారు పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. ముందు స్తంభాలు లేకుండా ఇంటి గోడ నుంచి బయటికి చాచిన పోర్టికో అయితే దాని అంచున బరువు వేలాడదీయకండి. ఏదైనా తేలికది తగిలించాలంటే గోడకి దగ్గరగానే. సన్‌షేడ్లకి అదీ వద్దు.

స్లాబు అడుగున పెచ్చులు ఊడి కడ్డీలు కనిపిస్తున్నా, సుత్తితో మెల్లగా కొడితే డొల్ల శబ్దం వస్తున్నా ఆ స్లాబుకి ఏమీ బిగించకూడదు. పెచ్చు పైన పూత పూసి బోల్టు దించితే బోల్టుతో పాటు పెచ్చు కూడా కారు మీద పడుతుంది. ముందు స్లాబుని ఇంజినీరుకి చూపించండి. ఈలోపు నేల మీద నిలబడే హోల్స్ యాంగిల్ ర్యాకుతో సరిపెట్టుకోండి.

రేకుల షెడ్డు, పెంకుల చావడి

రేకుల షెడ్డులో అడ్డ పైపులు రేకుల బరువుని, గాలిని తట్టుకోవడానికి లెక్కకట్టి వేసినవి. వాటి నడిమధ్య సైకిలు తగిలిస్తే పైపు కుంగుతుంది, రేకు బోల్టులు వదులై వానకి కారడం మొదలవుతుంది. కారుతోందని రేకు మీద సీలెంట్ పూస్తారు గానీ కింద వేలాడే బరువు వైపు చూడరు. బరువులు స్తంభానికి దగ్గరగా, ట్రస్సు (రేకుల్ని మోసే ఇనుప చట్రం) కీలు దగ్గర కట్టండి. ఇంకా మంచిది ఏమిటంటే, రెండు స్తంభాల మధ్య విడిగా ఒక మందపాటి జి.ఐ. పైపు వెల్డింగ్ చేయించి సామానంతా దానికే తగిలించండి. పాత ఆస్బెస్టాస్ రేకుకి మాత్రం కన్నం పెట్టకండి, ఆ పొడి ఊపిరితిత్తులకి ప్రమాదం.

పెంకుటింటి చావడిలో కారు పెట్టేవాళ్లకి తాటి దూలాలు ఉంటాయి. తాటిమాను పైపొర ఇనుములా గట్టిది, లోపల పీచులా మెత్తన. పొడుగు స్క్రూ వేస్తే మొదట బిగిసినట్టే ఉండి, మెత్తటి భాగంలోకి చేరాక తిరుగుతూనే ఉంటుంది. దూలానికి కన్నం వేయకుండా ఇనుప పట్టీ చుట్టి బోల్టు బిగించండి, లేదా మందపాటి తాడుని రెండు చుట్లు వేయండి. ఉట్టిని కట్టినట్టే అన్నమాట. ముందు దూలం చివర్లు గోడలో కూర్చున్న చోట చెదల మట్టి దారులు ఉన్నాయేమో చూడాలి.

తాడు సాగింది, సైకిలు రోజురోజుకీ కిందికి దిగుతోంది

నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. చవక ప్లాస్టిక్ తాడు ఎండకి పెళుసై నూలు నూలుగా రాలుతుంది. పడమటి ఎండ పడే షెడ్డులో ఈ తాడు బొత్తిగా వద్దు. గిలక హుక్కుల్లో ఉండే చిన్న లాక్ తడి తాడుని పట్టుకోలేదు, గోడకి ఒక కొక్కెం బిగించి తాడు చివర దానికి చుట్టి కట్టేయాలి.

తాళ్లు విచ్చుకునే వాలు కూడా చూడండి. 40 కిలోల బరువుకి రెండు తాళ్లూ నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద 20 పడుతుంది. అవి బాగా వాలి నేలకి 30 డిగ్రీల్లో ఉంటే ఒక్కోదాని మీదా పూర్తిగా 40 పడుతుంది. నిచ్చెనని పడుకోబెట్టి వేలాడదీసేటప్పుడు హుక్కుల మధ్య దూరం నిచ్చెన పొడవుకి దగ్గరగా ఉంటే తాళ్లు నిటారుగా దిగుతాయి.

డిక్కీ తలుపు తగులుతోంది

కొలిచేటప్పుడు కారు ఎత్తు కొలిచి ఊరుకుంటారు. డిక్కీ పూర్తిగా తెరిచి, దాని పై అంచు నుంచి ఇంకో అర అడుగు వదిలి కొలవాలి.

వరద నీరు, తుపాను గాలి

ర్యాకు ఎంత ఎత్తున ఉండాలో మీ గోడ మీది పాత నీటి గుర్తు చెబుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 1986లో అంతకంటే చాలా ఎక్కువ వచ్చింది. లంకల్లో ఉండేవాళ్లు ఈ రెండింటిలో ఏది మీ ఇంట్లో ఎక్కువ ఎత్తుకి వచ్చిందో పెద్దవాళ్లని అడిగి, అన్నిటికంటే కింది ర్యాకుని దానికి ఒక అడుగు పైన పెట్టండి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. రెండో హెచ్చరిక 13.75 అడుగులు, సామాను పైకెక్కించడం అప్పటికే అయిపోవాలి.

పురుగుమందులు నేల మీద వదిలితే వరదకి కొట్టుకుపోయి చెరువుల్లో కలుస్తాయి, తలపైన వేలాడదీస్తే డబ్బా కారి మనిషి మీద పడుతుంది. పిల్లలకి అందని ఎత్తులో, గోడకి బిగించిన, తాళం వేసే పెట్టెలో పెట్టాలి. కింద మనుషులు నిలబడే చోటు, తిండిగింజలు ఉండే చోటు కాకూడదు. పెట్రోలు డబ్బాని వేలాడదీయడం ఎలాగూ వద్దు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తెరిచి ఉన్న షెడ్డులో ఊగే సామాను దింపేయండి. ఊగే గునపం కారు అద్దానికే కాదు, తనని పట్టుకున్న బోల్టుకీ దెబ్బే. తడిసిన బరకాలు, వలలు పొడివాటికంటే చాలా బరువు తూగుతాయి, ఆరబెట్టకుండా మళ్లీ పైన తగిలించకండి.

నీళ్లు దిగాక, మునిగిన గోడకి ఉన్న హుక్కుల మీద వెంటనే బరువు వేయవద్దు. గోడ బయటికి ఆరినట్టు కనిపించినా లోపల వారాల తరబడి తడి ఉంటుంది. ఒక్కో హుక్కునీ చేత్తో గట్టిగా కిందికి, ఆపైన బయటికి లాగి చూడండి. ఏ కొంచెం కదిలినా, చుట్టూ ప్లాస్టింగు పొడి రాలినా, ఆ హుక్కు తీసేసి ఆరాక కొత్త కన్నం వేయించండి.