పగిలిన టేబుల్ పలక

హనుమకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డే నా వర్క్‌షాప్. మూడేళ్ల కింద వానాకాలంలో బిడ్డకు చదువుకునే టేబుల్ చేశాను. టేకు కొనే ధైర్యం లేక వేప చెక్క తీసుకున్నాను.

మే నెలలో ఒక రాత్రి టప్‌మని చప్పుడు. చూస్తే పై పలకకు పొడుగునా చీలిక! ముందు ఫెవికాల్‌ను అనుమానించాను. తప్పు నాదే. చెక్క పొడవు దాదాపు మారదు. వెడల్పే వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. రెండడుగుల వెడల్పు పలకను కింది అడ్డపట్టీలకు స్క్రూలతో కదలకుండా బిగించేశాను. ముడుచుకునే వీలు లేక అది చీలింది.

పలకను చీలిక వెంట కోసి, అంచులు రందతో సాపు చేసి, జిగురు పెట్టి, క్లాంపులు వేసి రాత్రంతా వదిలేశాను. అసలు పని ఆ తర్వాతే. అడ్డపట్టీల్లో మధ్య రంధ్రం అలాగే ఉంచి, రెండు చివరలవి పలక వెడల్పు దిశలో కోలగా చేశాను. డ్రిల్లుతో పక్కపక్కన రెండు రంధ్రాలు వేసి, మధ్యలో మిగిలింది సన్న ఉలితో తీసేస్తే చాలు. వాషర్ వేసి, స్క్రూను మరీ బిగించలేదు.

మా వీధి వడ్లాయన చూసి, "ముందే అడిగితే చెప్తుంటి గద సార్" అని నవ్వాడు.

ఇప్పుడు వాషర్ల కింద అటూఇటూ జరిగిన గీతలు కనిపిస్తున్నాయి. చీలిక మాత్రం మళ్లీ రాలేదు.