ఇంటర్వ్యూ ఐదు నిమిషాల్లో ముగుస్తోందా? ముందు మీ రెజ్యూమే చదవండి

లక్షణం: సెల్ఫ్ ఇంట్రడక్షన్ బాగానే పోతుంది. తర్వాత రెండు ప్రశ్నలు, కాసేపు మౌనం, "మళ్లీ చెప్తాం" అని సాగనంపడం. అనంతపురంలో నా దగ్గరికి వచ్చే పిల్లలంతా ఒకటే పాట: "ఇంగ్లీష్ రాకనే పోయిందన్నా." "అది సరే అబ్బీ, నీ రెజ్యూమే నువ్వు చదివినావా?" అంటే నేల చూపులు.

కారణం: అది మీ రెజ్యూమే కాదు, సీనియర్ ఫైలు. పేరు, మార్కులు మార్చుకున్నారు, మిగతాది ఆయనదే.

ఈ దెబ్బ నేనూ తిన్నా. నాది కర్నూలు. ఫైలిచ్చిన సీనియర్‌ది మడకశిర, ఇంట్లో మాట్లాడేది కన్నడం. ప్రాజెక్టు ఒక్కటి నాది పెట్టుకుని, రాత్రి బస్సులో 350 కిలోమీటర్ల పైచిలుకు బెంగళూరు పోయినా. ప్యానెల్లో పెద్దాయన కాగితం అడుగుదాకా చూసి, నవ్వుతూ "ఊట ఆయ్తా?" అన్నాడు. భోజనమైందా అని అడుగుతున్నాడు, పాపం. నేను "యెస్ సార్, ప్రాజెక్ట్ పూర్తయింది" అన్నా. తెలిసిన భాషల వరసలో కన్నడం అట్లే ఉండిపోయింది మరి. ఆయన కోప్పడలేదు. కాగితం బోర్లించి పెట్టినాడు. ఆ తర్వాత నిజంగా నేను చేసిన పని చెప్పినా వినేవాళ్లు లేరు. ఒక్క అబద్ధం దొరికితే పక్కనున్న నిజాలకూ విలువ పోతుంది.

ప్రాజెక్టు పేరు అందరూ మారుస్తారు. దొరికిపోయేది అడుగున: భాషలు, హాబీలు. చదరంగం అని రాసి ఉంటే, క్యాస్లింగులో రాజు ఎన్ని గళ్లు జరుగుతాడో చెప్పగలరా? (రెండు.)

పరిష్కారం: జిరాక్స్ షాపులో ఒక ప్రింటు తీయించండి. ఫోన్‌లో చూస్తే కన్ను జారిపోతుంది. వరస వరసకీ వేలు పెట్టి, ఎప్పుడు చేశాను, నా చేత్తో ఏం చేశాను, ఎక్కడ చెడింది అని పైకి చెప్పుకోండి. రెండు నిమిషాలు మాట్లాడలేని వరసను కొట్టేయండి. పేజీ సగమైనా పర్వాలేదు.

ఖాళీ అయిందని భయమా? ఒకబ్బాయి "స్మార్ట్ ఇరిగేషన్" అని ఎవరిదో ఎత్తి రాసుకున్నాడు. తడి కొలిచే సెన్సర్ మట్టిలో ఎంత లోతున పెట్టావంటే నోరు పెగల్లేదు. వాళ్లకేమో చీనీ (బత్తాయి) తోట ఉంది! బోరు నీటి ఉప్పుకు డ్రిప్పర్లు పూడుకుపోతే యాసిడ్ పట్టించేది వాడే. చవక సెన్సర్ తెచ్చి ఆ తోటలోనే గుచ్చమన్నా. దాని కడ్డీలు తుప్పు పట్టినాయి, లోహం నేరుగా మట్టికి తగలని కెపాసిటివ్ రకం కొనుక్కున్నాడు. ఆ తుప్పు కథే తర్వాతి ఇంటర్వ్యూలో పావుగంట నడిచింది.

మిగతా కారణాలా? చొక్కా రంగు, వారం, వర్జ్యం: వదిలేయండి. రాత్రి బస్సు నిద్రలేమి నిజమే, వీలైతే ముందురోజే పోండి.

అసలు ఫోనే రావడం లేదంటే, రెజ్యూమేలో ఉన్న నంబరుకు ఇంకో ఫోన్ నుంచి కొట్టి చూడండి. మొన్న ఒకడికి నా ముందే కొట్టించినా. ఎత్తింది వాళ్ల సీనియర్.