ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం – మూడవ పాఠం: చేపకు ముందు నీరు

కిందటి పాఠం ముగిసేసరికి 36 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు గల తొట్టెను స్టాండు మీద నిలిపి, రసమట్టంతో నాలుగు మూలలూ సరిచూసుకున్నాము. అంచుల దాకా నింపితే ఈ తొట్టెలో దాదాపు 160 లీటర్లు పడతాయి. పైన రెండు అంగుళాలు వదిలి, రాళ్లూ ఇసుకా ఆక్రమించే చోటు కూడా తీసివేస్తే నికరంగా నిలిచే నీరు 120 లీటర్లు. ఈ పాఠంలోని లెక్కలన్నీ ఈ 120 లీటర్లకే వేశాను. మీ తొట్టె పెద్దదైతే అదే నిష్పత్తిలో పెంచుకోండి.

ముందుగా నీటి సంగతి చూద్దాము. విజయవాడలో కుళాయికి వచ్చేది క్లోరిన్ కలిపి శుద్ధి చేసిన కృష్ణా నీరు. చాలా అపార్టుమెంట్లలో దానికి బోరు నీరు కూడా కలుస్తుంది. గోల్డ్‌ఫిష్‌కు ఈ నీటిని ఒక రాత్రి బకెట్టులో నిలవబెడితే సరిపోయేది, కాని ఇక్కడ సరిపోదు. నీటిలో ముందే కరిగి ఉన్న ఫాస్ఫేట్లు, నైట్రేట్లు తొట్టెలో నాచుకు ఎరువవుతాయి. పాత గొట్టాల నుండి రాగి లేశమాత్రం దిగినా వెన్నెముక లేని సముద్రజీవులకు అది విషమే. అందువల్ల ఆర్.ఓ. నీరు తప్పనిసరి. వీధిలో 20 లీటర్ల టిన్నులలో అమ్మే నీరు పేరుకు ఆర్.ఓ. నీరే అయినా, రుచి కోసం అందులో కొంత మామూలు నీరు కలపడం కద్దు. మా వీధి ప్లాంటు నీటిలో టి.డి.ఎస్. మీటరు (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తాన్ని చూపేది) ముంచితే 60 చూపింది. మనకు కావలసింది సున్నా, లేదా దానికి దగ్గరి అంకె. ఇంట్లో ఆర్.ఓ. యంత్రం ఉంటే దానిలోని రుచి సర్దే మరను పూర్తిగా మూయించి, బయటకు వచ్చే నీటిని డి.ఐ. రెసిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) నింపిన చిన్న గొట్టం గుండా పంపితే ఆ అంకె వస్తుంది. నీరు పట్టడానికి ప్లాస్టిక్ డ్రమ్మునే వాడండి. రాగి బిందె, ఇత్తడి చెంబు ఈ పనికి దగ్గరకు రానీయకూడదు.

బాపట్ల దగ్గర సూర్యలంకలో సముద్రమే ఉండగా ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్న ప్రతివారికీ వస్తుంది. నాకూ వచ్చింది. ఒక అక్టోబరులో కారు డిక్కీలో ఆరు టిన్నుల సముద్రజలం తెచ్చి కొలిస్తే సెలినిటీ, అంటే నీటిలోని ఉప్పదనం, మనకు కావలసిన 35కు బదులు 26 పి.పి.టి. (వెయ్యి వంతులలో 26 వంతులు) దగ్గర ఆగిపోయింది. వానాకాలంలో కృష్ణా, గోదావరులు సముద్రంలో కలిపే వరద నీరంతా ఆ రోజులలో తీరం వెంబడి దక్షిణానికి ప్రవహిస్తుంది కాబట్టి, మన ఒడ్డున దొరికే నీరు పలుచబడి, ఒండ్రుతో కలిసి ఉంటుంది. పైగా అందులోని సూక్ష్మజీవులు మూత బిగించిన టిన్నులో చచ్చి కుళ్లుతాయి. మూడవనాటికి వరండాలో కూర్చోలేకపోయాము. ఒడ్డు నీటిని అప్పటి నుండి నేను తొట్టెకు వాడలేదు.

కాబట్టి అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు కొనవలసిందే. వంటింటి ఉప్పు దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడు. సముద్రంలో దానితోపాటు మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేటు కూడా ఒక స్థిరమైన నిష్పత్తిలో ఉంటాయి. లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉండాలి. లీటరుకు 36 నుండి 38 గ్రాముల మిశ్రమం పడుతుంది గనుక 120 లీటర్లకు నాలుగున్నర కిలోలు తూచుకోండి. తొట్టె ఖాళీగా ఉన్న ఈ మొదటిసారి మాత్రమే ఉప్పును తొట్టెలోనే కలపవచ్చు. ఇకమీదట ఎప్పుడూ వేరే డ్రమ్ములోనే కలపాలి. నీరు ముందు, ఉప్పు తరువాత. ఈ క్రమం తారుమారై పొడి ఉప్పు మీద నీరు పోస్తే, అడుగున చిక్కని ద్రావణంలో కాల్షియం, కార్బొనేటు కలిసి సున్నంలా తెల్లగా విరిగిపోతాయి, ఆపైన ఎంత తిప్పినా మళ్లీ కరగవు. చిన్న పంపు తిరుగుతుండగా పిడికెడు పిడికెడుగా చల్లుతూ పోయి, ఒక రోజంతా పంపును ఆపకుండా ఉంచి, మరునాడు కొలవండి.

కొలవడానికి మన ప్రాంతంలో కొరత లేదు. రొయ్యల చెరువులున్న ఊళ్లలో మేత, మందులు అమ్మే దుకాణాలలో రిఫ్రాక్టోమీటరు (నీరు కాంతిని వంచే తీరును బట్టి ఉప్పదనం చూపే పరికరం) దొరుకుతుంది. బంధువులలో ఒక్క వెనామీ రొయ్యల రైతు ఉన్నా, చెరువు గట్టు మీద దానిని కంటికి పెట్టుకుని చూడడం మీకు తెలిసే ఉంటుంది. అయితే వెనామీ 10 పి.పి.టి.లో కూడా పెరుగుతుంది కాబట్టి రైతుకు ఒకటి రెండు అంకెల తేడా పెద్ద విషయం కాదు. మనకు 35 కావాలి, పరికరం నిజం చెబుతున్నదో లేదో తెలియాలి. అందుకోసం 963.5 గ్రాముల ఆర్.ఓ. నీటిలో 36.5 గ్రాముల వంటింటి ఉప్పు కరిగించండి. ఈ ద్రావణం కాంతిని వంచే తీరు 35 పి.పి.టి. సముద్రజలంతో సమానం. గాజు పలక మీద రెండు చుక్కలు వేసి, మూత దించి, గాలిబుడగ లేకుండా చూసి, అర నిమిషం ఆగి వెలుతురు వైపు తిప్పితే నీలం, తెలుపు రంగులు కలిసే గీత కనబడుతుంది. ఆ గీత 35 మీద లేకపోతే పైనున్న చిన్న మరను తిప్పి అక్కడికి తీసుకురండి. వంటింటి ఉప్పుకు ఈ పాఠం మొత్తంలో ఉన్న ఉపయోగం ఇదొక్కటే.

నీరు 35 చూపిన తరువాత రాళ్లు అమర్చాలి. పది, పన్నెండు కిలోల చిల్లులున్న పొడి రాయి, లేదా సిరామిక్‌తో చేసిన కృత్రిమ రాయి చాలు. దుకాణదారు పగడపు రాయి తెప్పిస్తానంటే వద్దనండి: రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉన్నది. రాళ్లను నేరుగా అడుగు గాజు మీద కదలకుండా కూర్చోబెట్టి, ఆ తరువాతే చుట్టూ అరగొనైట్ (కాల్షియం కార్బొనేటు) ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే, కింద తవ్వుకునే చేప ఒకటి వచ్చిన రోజున గుట్ట కూలుతుంది.

ఇక అసలు పని. చేప మొప్పల ద్వారా విడిచేది, మిగిలిన మేత కుళ్లి తయారయ్యేది అమ్మోనియా. ఒక జాతి బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు జాతులూ రాళ్ల చిల్లులలో, ఇసుక రేణువుల మీద స్థిరపడే వరకు జరిగే ప్రక్రియనే సైక్లింగ్ అంటారు. కొత్త తొట్టెలో అవి దాదాపు లేవు. సముద్రజలపు పి.హెచ్. 8.2 ప్రాంతంలో ఉంటుంది, పి.హెచ్. పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు వంతు పెరుగుతుందని మధ్యాహ్నం పి.హెచ్. పెరిగిన చెరువును చూసిన రైతు ఎవరైనా చెబుతాడు. అందుచేత బాక్టీరియాను పెంచడానికి చేపను బలిపెట్టే పాత పద్ధతిని నేను బోధించను. అమ్మోనియాను మనమే వేద్దాము.

అమ్మోనియం క్లోరైడు అంటే మన పెద్దలు నవాసాగరం అనేదే. కళాయి వేసేవారి దగ్గరి ముక్క మాత్రం తేవద్దు, అందులో ఏ లోహాలు కలిసి ఉంటాయో చెప్పలేము. ప్రయోగశాల సామగ్రి అమ్మేచోట శుద్ధమైన పొడి కొనండి. 120 లీటర్లలో అమ్మోనియా 2 పి.పి.ఎం. (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చేరడానికి ముప్పాతిక గ్రాము చాలు. అంత కొద్దిదానిని తూచడం కష్టం గనుక 10 గ్రాముల పొడిని నీటిలో కరిగించి సరిగ్గా లీటరు చేసుకుని, అందులో 75 మిల్లీలీటర్లు కొలిచి పోయండి. పొడి దొరకనివారు ఒలిచిన పచ్చి రొయ్య ఒకటి పాత మేజోడులో కట్టి వేలాడదీయవచ్చు. అది కూడా పనిచేస్తుంది, కాని మోతాదు మన చేతిలో ఉండదు, వాసన ఇంట్లో గొడవ తెస్తుంది. సీసాలలో అమ్మే బాక్టీరియా ద్రావణం పాలకు తోడు వంటిది. అది వేస్తే కాలం కలిసివస్తుంది, వేయకపోయినా పని ఆగదు. సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

టెస్ట్ కిట్ కొనేటప్పుడు ఉప్పునీటికి పనికివచ్చే సాలిసిలేట్ రకమే అడగండి. నెస్లర్ ద్రావణంతో పనిచేసే కిట్ ఉప్పునీటిలో మడ్డి కడుతుంది. రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ రెండూ కొలిచి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. మొదటి వారంలో గొట్టంలోని నీరు పసుపు నుండి ఆకుపచ్చకు తిరిగి అక్కడే నిలిచిపోతుంది. ఏమీ జరగడం లేదనిపించే ఈ రోజులలోనే చాలామంది ఓపిక కోల్పోయి మరింత అమ్మోనియా పోస్తారు. అలా 5 పి.పి.ఎం. దాటిస్తే బాక్టీరియా పెరుగుదల మందగిస్తుంది. రెండవ వారం నుండి ఆకుపచ్చ తగ్గుతుంది, నైట్రైట్ గొట్టం ముదురు వంగపండు రంగుకు వస్తుంది. ఆ రంగు చూసి బెదరవద్దు. ఉప్పునీటిలో విస్తారంగా ఉన్న క్లోరైడు నైట్రైట్‌ను మొప్పలలోకి పోకుండా అడ్డుకుంటుంది. మంచినీటి చేపల చెరువులో నైట్రైట్ పెరిగినప్పుడు రైతులు బస్తాలకొద్దీ ఉప్పు చల్లేది ఇందుకే. ఈ వారాలన్నీ లైటు ఆర్పి ఉంచి, పంపు మాత్రం రాత్రింబవళ్లు నడపండి. తరువాత లైటు వేసినప్పుడు రాళ్ల మీద గోధుమరంగు పొర కమ్మితే అది డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు పని, తనంతట తానే తగ్గుతుంది.

ఈలోగా వేడిని కూడా గమనించాలి. తొట్టె 25 నుండి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన ఊళ్లలో గది వేడిమే 35 దాటుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరయ్యే నీరు వేడిని వెంట తీసుకుపోతుంది, పొడి వడగాలి వీచే రోజులలో రెండు మూడు డిగ్రీలు దించుతుంది. ఉక్కపోత మొదలైతే ఆ ఫ్యాను దాదాపు వృథా. అప్పుడు ఏ.సి. గది గాని, నీటిని చల్లబరిచే చిల్లర్ గాని కావాలి, కొనలేకపోతే ఈ పాఠాన్ని నవంబరులో ప్రారంభించడం మేలు. ఫ్యాను కింద రోజుకు రెండు మూడు లీటర్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం తొట్టెలోనే మిగులుతుంది: ఆరు లీటర్లు తగ్గేసరికి 35 కాస్తా దాదాపు 37 అవుతుంది. గాజు మీద చిన్న టేపు ముక్క అంటించి, నీరు ఆ గుర్తుకు దిగినప్పుడల్లా ఉత్త ఆర్.ఓ. నీరే పోయండి. ఉప్పునీరు పోయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాయనిపించిన రోజున ఆఖరి పరీక్ష చేయండి. ఉదయం మళ్లీ 75 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, సరిగ్గా 24 గంటలకు రెండూ కొలవండి. రెండూ సున్నా చూపితే మరొకసారి చేయండి, రెండవసారీ అదే వస్తే తొట్టె సిద్ధమైనట్టు. అప్పటికి నైట్రేట్ బాగా పేరుకుని ఉంటుంది కాబట్టి, డ్రమ్ములో 60 లీటర్లు 35 పి.పి.టి.కి కలిపి, తొట్టె వేడికి సమానమయ్యాక సగం నీరు మార్చండి. నీరు మార్చి ఒక రోజు గడిచాక సెలినిటీ మరొకసారి చూసి ఆ అంకె కూడా రాసుకోండి. వచ్చే పాఠంలో క్లౌన్ చేపల జతను ఎంచేటప్పుడు దుకాణపు తొట్టె సెలినిటీతో దానిని పోల్చవలసి వస్తుంది.