జీడిపప్పు ప్యాకెట్‌కి మబ్బు రంగు: ఎలా వాడాలి?

పలాస జీడిపప్పు గిఫ్ట్ ప్యాకెట్‌కి కాస్త పెద్దరికం తేవాలనుకుంటే, నీలం కలిసిన ముదురు బూడిద రంగు, అంటే వాన మబ్బు రంగు, వేసి చూడండి.

1. ఎవరికో ముందు తేల్చుకోండి. నీలమేఘశ్యాముణ్ని కొలిచే మనకి ఇది పరాయి రంగు కాదు. రైతుకైతే వాన కబురు. కానీ 2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కూలిపోవడం చూసినవాళ్లకి నల్లమబ్బు వేరే సంగతి గుర్తుచేస్తుంది. శనీశ్వరుడి రంగంటూ శుభకార్యాలకి వద్దనే పెద్దలూ ఉంటారు. పక్కనే ఒక పసుపు పట్టీ వేస్తే ఆ మాట చాలావరకు రాదు. ఎరుపు వద్దు, బరువెక్కుతుంది.

2. షేడ్ ఎంచుకోండి. టెక్కలి నీలి గ్రానైట్ మీద నీళ్లు చల్లితే కనిపించే ముదురుతనం కావాలి. కంప్యూటర్‌లో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) 54, 69, 79తో మొదలుపెట్టండి. 112, 128, 144 కూడా అందంగానే ఉంటుంది గానీ దాని మీద తెల్ల అక్షరాల కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా, దాదాపు 4:1 మాత్రమే. స్క్రీన్ మీద చిన్న అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. మొదటి షేడ్‌లో అది 10:1కి దగ్గరగా వస్తుంది.

3. అక్షరాలు చూసుకోండి. తెలుగుకి అసలు చిక్కు ఇక్కడే. ముదురు రంగులో తెల్లగా వదిలిన సన్నటి గీతల్లోకి ఇంకు పాకుతుంది. ‘లక్ష్మి’లో క కింద ష, దాని కింద మ: మూడూ కలిసి ముద్దయిపోతాయి. కాస్త లావు ఫాంట్ తీసుకుని, వరసల మధ్య ఒత్తులకి చోటివ్వండి. బరువు, ధర, తేదీలాంటి చిన్న అక్షరాలకి విడిగా తెల్ల పట్టీ వేసి నల్ల ఇంకుతోనే కొట్టించండి. శాకాహార పచ్చ గుర్తు కూడా ఆ పట్టీ మీదే పెట్టండి, మబ్బు రంగులో అది కలిసిపోతుంది.

4. పప్పు కనబడనివ్వండి. ఈ రంగు ఆకలి పుట్టించేది కాదు. పారదర్శక కిటికీ పెడితే పప్పు మీగడ రంగే ఆ పని చేసిపెడుతుంది.

5. ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, తీయించండి. సీఎంవైకేలో, అంటే ప్రెస్సులో వాడే నాలుగు ఇంకుల పద్ధతిలో, మెజెంటా (ముదురు గులాబీ ఇంకు) పాళ్లు సయాన్ (నీలి ఇంకు) పాళ్లకి దగ్గరైతే వంకాయ రంగొచ్చేస్తుంది, మెజెంటా బాగా తగ్గించమనండి. ప్రూఫ్‌ని ప్రెస్సులో ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, బయట ఎండలో ఒకసారి చూడండి. వాట్సాప్‌లో ఫొటో చూసి ఓకే చెప్పకండి. మ్యాట్ (మెరుపు లేని) లామినేషన్ హుందాగానే ఉంటుంది, కానీ ముదురు రంగు మీద గీతలు తొందరగా తేలతాయి. బస్సు పార్సిల్లో వెళ్లే సరుకైతే మెరిసే గ్లాసీయే మేలు.