గిటార్ పాఠాలు – 2వ భాగం: మోకాలికి సరిపడే పీట

పోయిన పాఠంలో గిటార్ భాగాలు, తీగల వరుస చూశాం. తీగ మీద వేలు పెట్టే ముందు కూర్చునే పీట సంగతి తేల్చుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎడమ మణికట్టు లాగుతోందంటే, చేతిని చూసే ముందు వాళ్లు కూర్చున్న కుర్చీని చూడాలి. (ఈ పాఠమంతా కుడిచేతి వాటానికి రాసింది. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.)

గిటార్ బరువును ఎడమచెయ్యి మొయ్యకూడదు. గిటార్ బాడీకి (పెట్టెకు) నడుములా ఉండే వంపు కుడి తొడ మీద కూర్చోవాలి, వెనక పలక రొమ్ముకు ఆనాలి, పైఅంచు మీద కుడి ముంజేయి వాలాలి. ఈ మూడు ఆనికలు కుదిరితే నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ) దానంతటదే నిలబడుతుంది, ఎడమచేతి వేళ్లకు తీగలు నొక్కే పని ఒక్కటే మిగులుతుంది. ఇవి కుదరాలంటే తొడ నేలకు సమంగా, బల్లపరుపుగా ఉండాలి. తొడ అలా ఉండాలంటే పీట ఎత్తు మోకాలి వెనక గుంట ఎత్తుకు సరిపోవాలి.

ఆ ఎత్తు ఇలా కొలవండి. గట్టి బల్ల మీద కూర్చుని పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనించండి. పాదాలు అందకపోతే కింద పుస్తకాలు పేర్చి, వాటి పైనుంచి కొలవాలి. పిక్క నిట్టనిలువుగా ఉండాలి. ఇంకొకరి చేత టేపు పట్టించి, మడమ కింద నుంచి మోకాలి వెనక గుంట దాకా కొలిపించండి. ఎవరికి వాళ్లే వంగి కొలుచుకుంటే కాలు కదిలి లెక్క తప్పుతుంది. ఎక్కువమంది పెద్దవాళ్లకు 15 నుంచి 18 అంగుళాల మధ్య వస్తుంది. ఇంట్లో ఉత్తకాళ్లతో వాయిస్తారు కాబట్టి ఉత్తకాళ్లతోనే కొలవండి. బూట్లు వేసుకుని వేదిక మీద వాయించే రోజున మడమ మందం ఎంతో అంత కలుపుకోవాలి. పిల్లలకు ఆరునెలలకోసారి మళ్లీ కొలవాలి.

పీట ఎత్తు తక్కువైతే మోకాళ్లు పైకి లేస్తాయి. గిటార్ జారి పొట్ట మీదికి వస్తుంది, దాని ముఖం పైకి తిరుగుతుంది. ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలు) కనబడడానికి హాయిగా ఉంటుంది కనుక కొత్తవాళ్లకు ఇందులో తప్పు తెలియదు. కానీ తీగలు అందుకోవడానికి ఎడమ మణికట్టు లోపలికి మడతపడుతుంది, వీపు గూనిపోతుంది. ఎత్తు ఎక్కువైతే తొడ ముందుకు వాలి, గిటార్ మోకాలి వైపు జారుతూ ఉంటుంది. దాన్ని ఆపడానికి ఎడమచెయ్యి నెక్‌ను పట్టుకుంటుంది. అలా పట్టుకున్న చెయ్యి తీగ మీద తేలిగ్గా కదల్లేదు. పీట ముందంచు తొడ కింద నొక్కి కాలు తిమ్మిరెక్కుతుంది కూడా. కాబట్టి తిమ్మిరి వస్తే పీట ఎత్తు అనీ, గిటార్ పొట్ట మీదికొస్తే పీట పొట్టి అనీ అనుకుని సరిచూసుకోవచ్చు.

ఇక మన ఇళ్లలో దొరికేవి. పెళ్లిళ్లకు అద్దెకు తెచ్చే చేతుల ప్లాస్టిక్ కుర్చీ గిటార్‌కు పనికిరాదు. కుర్చీ కుడి చెయ్యి గిటార్ బాడీకి తగులుతుంది. దాన్ని తప్పించుకోవడానికి మనిషి పక్కకు తిరిగి కూర్చుంటాడు, నడుము మెలిపడుతుంది. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ నయం. అయితే దాని కూర్చునే పలక వెనక్కు వాలి ఉంటుంది. అందులో వెనక్కు జరిగి కూర్చుంటే తుంటి కిందికి దిగి, మోకాళ్లు లేస్తాయి. పాత నూలు బొంతను నాలుగు మడతలు వేసి పలక వెనక సగంలో పరచండి. వాలు పోయి పలక సమమవుతుంది. మీరు మాత్రం వీపు ఆనించకుండా కూర్చోండి.

నులక మంచం, నవారు మంచం వద్దు. మధ్యలో కుంగుతుంది, అంచున కూర్చుంటే పట్టె తొడను కోస్తుంది. సోఫా సంగతీ అంతే. రెక్సిన్ వేసిన మెత్తటి స్టూలు కొనేటప్పుడు బాగుంటుంది. అనంతపురం ఎండల్లో పది నిమిషాలకే తొడలకు అంటుకుంటుంది, లోపలి ఫోమ్ కొన్నాళ్లకు అణిగిపోతుంది. ఉన్నదాని మీద నూలు తువ్వాలు వేసుకోండి. కొత్తది మాత్రం కొనొద్దు.

అన్నిటికన్నా మంచిది చేతులూ వీపూ లేని చదును స్టూలు. పలక 12 నుంచి 14 అంగుళాల వెడల్పు ఉంటే చాలు. వడ్రంగి చేత చెక్కతో చేయించుకోవచ్చు, లేదా ఇంట్లో ఉన్న ఎత్తు ఇనుప స్టూలు కాళ్లను వెల్డింగ్ షాపులో కోయించుకోవచ్చు. ఎంత కోయించాలో ముందే లెక్క వేసుకోండి. మోకాలి గుంట 17 అంగుళాలు అనుకుందాం. పైన పరిచే బొంత మనిషి కూర్చున్నాక అణిగి అంగుళం మందం ఉంటుంది. కాళ్లకు తొడిగే రబ్బరు బుష్ పావు అంగుళం. అంటే స్టూలు ఇనుము మాత్రం 15 ముప్పావు అంగుళాలు ఉండాలి. మొదటిసారి అర అంగుళం ఎక్కువే ఉంచి కోయించండి, కూర్చుని చూశాక మిగతాది తీయించొచ్చు. పొట్టిగా కోసేస్తే మళ్లీ అతికించడం తలనొప్పి.

రబ్బరు బుష్ తప్పనిసరి. కడప నల్లబండ, తాడిపత్రి బండ పాలిష్ పట్టాక నున్నగా ఉంటాయి, ఉత్త ఇనుప కాలు వాటి మీద జారుతుంది, గీతలూ పడతాయి. పాలిష్ పట్టని బేతంచెర్ల బండలు పరిచిన పాత ఇళ్లలో ఇంకో చిక్కు. బండకూ బండకూ మధ్య ఎత్తుపల్లాలుండి స్టూలు ఊగుతుంది. ఊగే పీట మీద కాళ్లు తెలియకుండానే బిగుసుకుంటాయి, ఆ బిగువు భుజాల దాకా పాకుతుంది. ఊగుడు ఎవరిదో తేల్చడానికి స్టూలును అక్కడే పావువంతు తిప్పండి. తిప్పినా అవే రెండు కాళ్ల మీద ఊగుతుంటే లోపం స్టూలుది, పొడుగు కాలును ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయండి. ఊగే కాళ్లు మారితే లోపం నేలది. కుదురుగా నిలిచే చోటు వెతికి సుద్దతో గుర్తు పెట్టుకోండి. లేదంటే ముక్కాలి పీట వాడండి. అది ఎలాంటి నేల మీదైనా ఊగదు. పక్కకు మరీ ఒరిగితే పడిపోతుంది, అంతవరకు జాగ్రత్త.

పీట మూడు అంగుళాల దాకా ఎత్తుగా ఉండి మార్చే వీలు లేకపోతే కుడి పాదం కింద ఇటుక పెట్టుకోవచ్చు. మామూలు ఇటుక పడుకోబెడితే దాదాపు 3 అంగుళాలు. గుడ్డ చుట్టి పెట్టండి. నిలబెట్టిన ఇటుక మీద మాత్రం కాలు పెట్టొద్దు. ఇల్లు కట్టిన చోట మిగిలిన బండ ముక్కలైతే ఇంకా మేలు. ముప్పావు అంగుళం, అంగుళం మందంలో దొరుకుతాయి, కావలసినన్ని పేర్చి ఎత్తు సరిచేసుకోవచ్చు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వాయించేవాళ్లది వేరే పద్ధతి. ఎడమ పాదం కింద పీట పెట్టి, గిటార్‌ను ఎడమ తొడ మీద ఉంచుతారు. దాని గురించి విడిగా చెప్పుకుందాం.

కింద బాసింపట్టు వేసుకుని వాయించాలనిపిస్తే తుంటి కింద 3, 4 అంగుళాల గట్టి దిండు వేసుకోండి. తుంటి మోకాళ్లకన్నా పైకి ఉండాలి, లేదంటే వీపు నిలవదు. మొదటి నెల మాత్రం స్టూలు మీదే సాధన చేయండి.

స్టూలు వేసే చోట ఎడమ వైపు గోడ దగ్గరగా ఉండకూడదు. పెద్ద గిటార్ పొడవు 41 అంగుళాల దాకా ఉంటుంది, తిరిగినప్పుడల్లా తీగలు బిగించే మరలు గోడకు కొట్టుకుని శ్రుతి పోతుంది.

అన్నీ అమర్చాక పరీక్ష. గిటార్ తొడ మీద పెట్టి, కుడి ముంజేయి వాల్చి, ఎడమచెయ్యి పూర్తిగా తీసేయండి. నిదానంగా ముప్పై అంకెలు లెక్కపెట్టండి. నెక్ కిందికి దిగకూడదు, గిటార్ జారకూడదు, కుడి భుజం చెవి వైపు లేవకూడదు. నెక్ దిగితే ముందు కుడి మోకాలి ఎత్తు చూడండి. తొడ సమంగానే ఉండి, భుజం మాత్రం లేస్తుంటే మీ ఒంటికి గిటార్ బాడీ పెద్దదన్నమాట. దాన్ని పీటతో సరిచేయలేం.

ఈ వారం రోజూ ఈ పరీక్ష చేశాకే సాధన మొదలుపెట్టండి, ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. వచ్చే పాఠంలో కుడి బొటనవేలితో ఆరు తీగలూ ఒక్కొక్కటిగా మీటుదాం. మీ మోకాలి గుంట కొలత, స్టూలు ఎత్తు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, కుడిచేతి కోణం సరిచూసేటప్పుడు ఆ అంకెలు మళ్లీ కావాలి.